వంక మెట్లకు కావాల్సింది పైపూత కాదు, పునాది

సంపాదకుల వారికి,

తిరుపతి చుట్టుపక్కల వంకల్లోకి, స్వర్ణముఖిలోకి, చిత్తూరులో నీవా నదిలోకి దిగడానికి ఎండాకాలంలో కట్టే మెట్లు చాలాచోట్ల కార్తీక దీపాలు వదిలే నాటికి మిగలడం లేదు. మెట్లు పోగానే ‘సిమెంటు తినేశారు’ అనేస్తారు. అది కొన్నిచోట్ల నిజం కావచ్చు. కానీ వరద తగ్గాక వెళ్లి చూడండి: మూడు నాలుగు మెట్లు విడిపోకుండా ఒకే దిమ్మగా వంకలోకి ఒరిగి పడి ఉంటాయి. కాంక్రీటు చెక్కుచెదరలేదు. దాని కింద మట్టే లేదు.

మన దగ్గర పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరులోపు పడతాయి. ఏడాదంతా ఎండి ఉండే వంక ఒక్క రాత్రిలో పొంగుతుంది. 2021 నవంబరు వరద మనకు గుర్తుండే ఉంటుంది. ఆ వానలకు దెబ్బతిన్న, తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిని 2022 మేలో గానీ మళ్లీ తెరవలేకపోయారు. కొండరాయి మీద దారికే ఆ గతి పడితే, ఇసుక గట్టు మీద మెట్ల సంగతి చెప్పేదేముంది?

వరద మూడు దారుల్లో మెట్లను పడగొడుతుంది. ఒకటి, కింది మెట్టు మొదట్లో ఇసుకను తోడేస్తుంది. రెండు, పక్కగోడ వెనక దూరి గట్టును కోస్తుంది. మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: వరద తగ్గేటప్పుడు జరిగే నష్టం. వంకలో మట్టం గంటల్లో దిగిపోతుంది, గట్టు లోపల నానిన మట్టిలోని నీళ్లు అంత తొందరగా దిగవు. బయటికి దారి లేక వెనక నుంచి మెట్లను నెడతాయి. వరదంతా తట్టుకున్న మెట్లు మర్నాడు ఎండ కాసినప్పుడు పగిలేది అందుకే.

కాబట్టి డబ్బు కంటికి కనిపించని చోట పెట్టాలి. ముందు చోటు చూసుకోవాలి. వంక తిరిగే మలుపులో బయటి ఒడ్డు వద్దు, ప్రవాహం కోసేది దాన్నే. తిన్నగా పారే చోట, గట్టు వరుసలోనే మెట్లు ఇమిడిపోవాలి. నీళ్లలోకి ముందుకు పొడుచుకొస్తే వరద వాటి పక్కన సుడి తిరిగి గుంత పెడుతుంది.

కింది మెట్టు కింద అడ్డగోడ తప్పనిసరి. అయిదడుగుల వెడల్పు మెట్లకు ఏడడుగుల పొడవు, అడుగున్నర మందం, వంక అడుగు మట్టం నుంచి కనీసం నాలుగున్నర అడుగుల లోతు. మధ్యలో రాయి తగిలితే దాని మీద కూర్చోబెట్టవచ్చు. ఇసుక తోడే చోటయితే ఇంకా లోతుకు పోవాలి, ఎందుకంటే వంక అడుగు ఏటా దిగిపోతూనే ఉంటుంది. ఈ గోడకు పట్టేది సుమారు 47 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో కలిపితే 11 బస్తాల సిమెంటు. బస్తాకు 25 లీటర్ల నీళ్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువు అవుతుందని మేస్త్రీ ఇంకో బిందె పోస్తే అక్కడే బలం పోయింది. గోడ ముందు, ఒక మనిషి ఎత్తడానికి కష్టపడే 40, 50 కిలోల రాళ్లను అతికించకుండా పరచాలి. కింద ఇసుక కొట్టుకుపోయినప్పుడు ఆ రాళ్లు గుంతలోకి జారి దాన్ని పూడుస్తాయి. సిమెంటుతో అతికిస్తే ఆ జారడం ఉండదు.

ఇక మెట్లు. గ్రానైటు క్వారీలు దగ్గర్లోనే ఉండగా కాంక్రీటు మెట్లు పోయడం ఎందుకో! అయిదడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న రాయి దాదాపు 230 కిలోలు తూగుతుంది. కింది నుంచి మొదలుపెట్టి, పై రాయి కింది రాయి మీద రెండంగుళాలు ఎక్కేలా పేర్చుకుంటూ రావాలి. అడుగు పెట్టే చోటు 13 అంగుళాలు మిగులుతుంది. ఎనిమిదడుగుల గట్టుకు 16 మెట్లు, నేల మీద 17 అడుగుల పైచిలుకు పొడవు. ప్రతి రాయికీ ముందుకు పావు అంగుళం వాలు ఇస్తే నీళ్లు నిలవవు. రాళ్ల సందుల్లో సిమెంటు పూయకూడదు, వెనక నీళ్లు బయటికి వచ్చేది వాటిగుండానే. మట్టి మాత్రం రాకుండా రాళ్ల కింద ఆరంగుళాల 40 ఎం.ఎం. కంకర, దాని కింద నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. గట్టు పూడ్చాల్సి వస్తే నల్లరేగడి వద్దు, గరుసు తెచ్చి ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టాలి. రెండడుగుల మట్టి ఒకేసారి పోసి పైన కొడితే కింద పొర వదులుగానే ఉండిపోతుంది.

పక్కగోడల చివర్లను కనీసం మూడడుగులు గట్టులోకి మళ్లించాలి. గోడలో నాలుగైదు అడుగులకొకటి నాలుగంగుళాల పైపు బయటికి వాలుగా పెట్టి, దాని వెనక కంకర, మట్టి వైపు ముతక ఇసుక నింపాలి. పైపులు పెట్టి వెనక ఒట్టి మట్టి పోస్తే మొదటి వానకే పూడుకుపోతాయి. వీధి నీళ్లు మెట్ల మీదుగా దిగకుండా పైనే పక్క కాలువలోకి మళ్లించాలి.

టైల్స్ సంగతి వేరే చెప్పాలా? పాచి పట్టిన టైలు మీద తడికాలు నిలవదు. ఉలి కొట్టిన గరుకు రాయే మేలు. పట్టుకోవడానికి రాతి కూసాలు రెండడుగులు పాతి, తీసి పెట్టుకునే గొలుసు కట్టండి. అడ్డంగా పైపుల రెయిలింగు బిగిస్తే అరటి బోదెలు, కంపచెట్లు చిక్కుకుని అదే ఆనకట్టవుతుంది, చివరికి కూసాలతో సహా లేచిపోతుంది.

కాంక్రీటు పని ఆగస్టు దాటనివ్వకూడదు. ఇప్పుడు ఎక్కువగా వాడే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ప్రతి వరద తర్వాత గడ్డపార మొనతో కింది మెట్లను తట్టి చూడండి. డొల్ల మోత వస్తే కింద ఖాళీ పడినట్టే, ఆ రాయి లేపి కంకర దట్టించి మళ్లీ పరవాలి. అడ్డగోడ ముందు పరిచిన రాళ్లలో ఎన్ని జారాయో అన్ని తెచ్చి వేయాలి. ఒక ట్రాక్టరు రాయి, ఇద్దరు కూలీలు ఉంటే అర రోజు పని.

– కొందరు పాఠకులు, తిరుపతి రూరల్