శుక్రవారం బైబిల్ స్టడీ: రోమా 12

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ శుక్రవారం సాయంత్రం 6:30కి చర్చి హాల్లో కలుద్దాం. రోమా పత్రికలో 11 అధ్యాయాల పాటు దేవుని కృపను వివరించిన పౌలు, 12లో మన శరీరాలనే సజీవయాగంగా అర్పించమని బతిమాలుతున్నాడు. అదెలాగో కూడా అక్కడే రాశాడు: ఏడ్చేవారితో ఏడవాలి, పగ తీర్చుకోకూడదు, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టాలి. ఆదివారం పాటలతో ఇది తీరిపోదు కదా!

రోమా 12తో పాటు 1 సమూయేలు 15 కూడా చదివి రండి. అందులో సౌలు రాజు బలులకని గొర్రెలను చంపకుండా ఉంచాడు గానీ దేవుని మాట వినలేదు.

ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే, శుక్రవారం లోపు వాళ్లకు ఫోన్ చేయండి. దయచేసి వాయిదా వేయొద్దు.

యౌవనస్థులు 6 గంటలకే వచ్చి చాపలు పరవాలి. పెద్దవాళ్లకు బండి కావాలంటే గురువారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి.