‘నేనెవరో చెప్పు’ అని అడగకండి

సంపాదకులకు,

మా అత్తగారికి అల్జీమర్స్, అంటే మతిమరుపు పెరుగుతూ పోయే మెదడు జబ్బు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడ ఎదురుగా కూర్చుని ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ జవాబు దొరక్క ఆవిడ కొంగు మెలిపెడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ రాత్రి నిద్ర ఉండదు. మర్నాడు స్నానాల గది ఎటో కూడా తడబడుతుంది.

టెన్షన్ పడితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. చాలాకాలం అలాగే ఉంటే మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగానికి చేటు. అల్జీమర్స్ తొలిదశలోనే దెబ్బతినే భాగాల్లో అదీ ఒకటి. ఒత్తిడి ఒక్కటే ఈ జబ్బు తెస్తుందని రుజువు కాలేదు. ఉన్న మతిమరుపును మాత్రం మరింత కష్టం చేస్తుంది, రోజూ చూస్తున్నాను.

దయచేసి పేరు మీరే చెప్పండి. ‘పెద్దమ్మా, నేను నీ చెల్లెలి కొడుకుని, గుంటూరు నుంచి వచ్చాను’ అంటే చాలు, ఆవిడ మొహం తేటపడుతుంది.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉందని అంచనా. వాళ్లను కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. మా ఒత్తిడి సంగతి ఎవరూ అడగరు. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఫోన్ నంబర్లు ఉచితంగా పలుకుతాయని చాలామందికి తెలియదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఈ రెండు నంబర్లు పెద్దగా రాయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక కోడలు, తెనాలి