డెంటింగ్, పెయింటింగ్ నేర్చుకుంటామనే పిల్లల కోసం

అందరికీ నమస్కారం. పదో తరగతి అయిన మన పిల్లల్లో కొందరు కార్ల డెంటింగ్, పెయింటింగ్ వైపు వెళ్తామంటున్నారు. మంచి ఆలోచన, దయచేసి వెనక్కి లాగకండి. ఐటీఐ చదువులో ఆటో బాడీ రిపేర్, ఆటో బాడీ పెయింటింగ్ వేర్వేరు ట్రేడ్‌లు, ఒక్కోటి ఏడాది. దగ్గర్లో ఎక్కడ సీట్లున్నాయో అడ్మిషన్లకు ముందే విశాఖ కంచరపాలెం ఐటీఐకి వెళ్లి అడగండి.

ఆటోనగర్ షెడ్డుల్లో చేరేవాళ్లు మొదటి రోజే స్ప్రే గన్ కోసం తొందరపడొద్దు. అసలు పనితనం రంగు కింద ఉంటుంది. సొట్ట తీయాలి, తుప్పు మొత్తం గీకాలి, పట్టీ (గుంటలు పూడ్చే పేస్టు) పెట్టి రుద్దాలి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టాలి. మన విశాఖ ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు మీదే పట్టీ పూస్తే కొన్నాళ్లకు రంగు పొంగి లేస్తుంది. ఓపిగ్గా రుద్దడం నేర్పే మేస్త్రీ దొరికితే వదలకండి.

నాకున్న టెన్షన్ ఒక్కటే, ఊపిరితిత్తులు. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటితో ఆస్తమా రావచ్చు. రుమాలు, సర్జికల్ మాస్కు వాటిని ఆపలేవు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు అన్నిటికన్నా మేలు. కనీసం రసాయన ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ (గాలిని వడపోసే డబ్బా) మాస్కు ఉండాలి, కార్ట్రిడ్జ్‌లు వేళకు మార్చాలి. పిల్లల్ని చేర్చే ముందు ఓనర్‌ని ఈ మాట తప్పకుండా అడగండి.