పామ్‌ని అమిగాకి తగిలించే ముందు

చిన్నా,

ఫోన్లో చెప్తే సగం నువ్వు వినవు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. నా పాత పామ్ త్రీ (పుల్లతో తెర మీద రాసుకునే అరచేతి కంప్యూటర్), దాన్ని నిలబెట్టి పెద్ద కంప్యూటర్‌కి కలిపే క్రెడిల్, ఒక అడాప్టర్, బ్యాకప్ ఫైళ్లున్న డిస్కు పార్సిల్లో వస్తున్నాయి. ఫోన్ పక్కన పడేసి, పుల్లతో రాసుకునే డైరీ కావాలన్నావు, బాగానే ఉంది. దాన్ని విండోస్ మెషీన్‌కి కాకుండా నీ ముద్దుల పాత కంప్యూటర్ అమిగా 1200కే తగిలిస్తానంటున్నావు చూడు, పేచీ అంతా అక్కడే. కుదరదని అనను. కాకపోతే దీన్ని తయారుచేసినవాళ్ల లెక్కలో నీలాంటివాళ్లు ఎప్పుడూ లేరని ఒప్పుకుని దిగు.

ఈ పామ్‌ల పూర్వీకుడు, మొదటి పైలట్, 1996లో వచ్చినప్పుడు పెట్టెలో విండోస్ సాఫ్ట్‌వేర్ మాత్రమే పెట్టేవారు. మ్యాక్ ఉన్నవాళ్లు కూడా విడిగా ఇంకో ప్యాక్ కొనుక్కోవాల్సిందే. మ్యాక్‌కే ఆ గతి అయితే అమిగా సంగతి వేరే చెప్పాలా? అమిగాని చేసిన కమడోర్ కంపెనీ అప్పటికి రెండేళ్ల ముందే, 1994లో దివాలా తీసింది. అయినా ఈ రెండూ వరసకి చుట్టాలే. నీ 1200లో ఉన్నది మోటరోలా 68000 కుటుంబం ప్రాసెసర్, పామ్‌లోని డ్రాగన్‌బాల్ కూడా అదే కుటుంబం. రెండు బైట్ల అంకెని రెండూ ఒకే వరసలో, పెద్ద బైట్ ముందుగా దాస్తాయి. పామ్ ఫైల్ని నువ్వే ప్రోగ్రామ్ రాసి చదవాలనుకున్న రోజున ఈ చుట్టరికం విలువ తెలుస్తుంది. పీసీలో అయితే ప్రతి అంకెనీ తిరగేసుకోవాలి.

ముందు కేబుల్ పని. క్రెడిల్ తీగ చివర తొమ్మిది రంధ్రాల కనెక్టర్ ఉంటుంది. 1200 వెనక 25వి రెండు కనిపిస్తాయి. రంధ్రాలున్నది ప్రింటర్‌ది, పిన్నులు బయటికి ఉన్నది సీరియల్‌ది. మనకి కావాల్సింది పిన్నులున్నది. మధ్యలో నేను పంపే అడాప్టర్ పెట్టు. ‘నల్ మోడెమ్’ (పంపే తీగనీ వినే తీగనీ అటూ ఇటూ మార్చేది) అని రాసి ఉన్నదేదీ వాడకు. క్రెడిల్ వైరింగ్ మోడెమ్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి తీగలు నేరుగా వెళ్లాలి. నల్ మోడెమ్ మధ్యలో దూరితే ఇద్దరూ మాట్లాడతారు, వినేవాడు ఉండడు.

ఆ అడాప్టర్ ఎక్కడో పారేసుకుని (నీ సంగతి నాకు తెలీదా) కొత్తది సోల్డర్ చేసుకోవాల్సి వస్తే, తొమ్మిది పిన్నుల వైపు 2ని 25 వైపు 3కి, 3ని 2కి, 5ని 7కి కలుపు. మొదటి రెండూ డేటా తీగలు, మూడోది గ్రౌండ్. హ్యాండ్‌షేక్ (పంపనా, ఆగనా అనే సైగలు) కోసం 7ని 4కి, 8ని 5కి. 2, 3 తారుమారు అయ్యాయని కంగారుపడకు, ఆ రెండు కనెక్టర్లలో నంబర్లే అలా ఉల్టాగా ఉంటాయి. ఇరవైఅయిదు తీగలూ కలిపేసే కేబుల్ జోలికి మాత్రం పోకు. అమిగా సీరియల్ పోర్ట్‌లో 9వ పిన్నులో ప్లస్ 12 వోల్టులు, 10వ పిన్నులో మైనస్ 12 వోల్టులు వస్తాయి. అవతల ఉన్న పరికరానికి అక్కడ కరెంటు ఉంటుందని తెలీదు. ఇంకోటి, కేబుల్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ అమిగా ఆఫ్‌లో ఉండాలి. అది యూఎస్‌బీ కాలం మెషీన్ కాదు.

సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు ఒక పరీక్ష చెయ్. ఎన్‌కామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ (సీరియల్ తీగలో వచ్చేదాన్ని తెర మీద చూపించేది) తెరిచి స్పీడ్ 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని పెట్టు. అక్షరాల సెట్టింగ్ ఐబీఎంది కాకుండా అమిగాదే ఉంచు. ఇప్పుడు క్రెడిల్ మీద హాట్‌సింక్ (పామ్‌లోదీ కంప్యూటర్‌లోదీ సరిచూసి కలిపే పని, పొట్టిగా సింక్) బటన్ నొక్కు. పామ్ చిన్న రాగం తీసి, ఎవరైనా ఉన్నారా అని ప్యాకెట్లు పంపడం మొదలెడుతుంది. ఆ ప్యాకెట్ల మొదట్లో ఎప్పుడూ హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) బీఈ, ఈఎఫ్, ఈడీ అనే మూడు బైట్లు ఉంటాయి. అమిగా తెర మీద అవి ముప్పావు భిన్నం గుర్తుగా, తర్వాత నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లిష్ ఐగా, ఆ తర్వాత వాలుగీత ఉన్న ఐగా కనబడతాయి. ఈ మూడూ వరసగా కనిపించాయంటే కేబుల్ మీద ఇక అనుమానం అక్కర్లేదు, కనీసం వచ్చే దారి బాగున్నట్టే. కాసేపటికి పామ్ విసిగిపోయి కనెక్షన్ కుదరలేదంటుంది, అననీ. తెర మీద ఏమీ రాకపోతే తీగలు చూసుకో. ఏవేవో పిచ్చి గుర్తులు వస్తే స్పీడ్ సెట్టింగ్ చూసుకో. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా వైర్లో ఉందా అని జుట్టు పీక్కునే టెన్షన్ తప్పుతుంది.

పలకరింపు 9600లోనే జరుగుతుంది, ఆ తర్వాత రెండూ మాట్లాడుకుని స్పీడ్ పెంచుకుంటాయి. అక్కడ అమిగా కాస్త తడబడుతుంది. సీరియల్ పని చూసేది పౌలా చిప్, పాటలు వినిపించేదీ అదే. వచ్చిన బైట్‌ని పట్టుకోవడానికి దాని దగ్గర ఉన్న చోటు ఒక్క బైట్‌కే. ప్రాసెసర్ వెంటనే వచ్చి తీసుకోకపోతే తర్వాతది వచ్చి దాని మీద పడుతుంది, ముందుది గల్లంతు. అందుకని సింక్ చేసేటప్పుడు వర్క్‌బెంచ్‌ని (అమిగా ముఖ్య తెర) తక్కువ రంగుల్లో పెట్టు, వెనక మిగతా ప్రోగ్రాములేవీ నడపకు, స్పీడ్ 19200 దాటించకు. పామ్ త్రీ మెమరీ మొత్తం కలిపి 2 ఎంబీయే. అది నిండా ఉన్నా అరగంట లోపు లాగేయొచ్చు. ఈలోపు అన్నం తిను.

సాఫ్ట్‌వేర్ ఆమినెట్‌లో (అమిగా ప్రోగ్రాముల ఆన్‌లైన్ గోదాం) దొరుకుతుంది. స్పిట్‌ఫైర్ అమిగా కోసమే రాసింది. పైలట్-లింక్ యూనిక్స్ వాళ్లది, దాన్ని అమిగాకి కూడా తెచ్చారు. లినక్స్‌లో నేను ఏళ్ల తరబడి వాడింది రెండోదే కాబట్టి నా ఓటు దానికే. బొమ్మలూ బటన్లూ ఉండవు, కమాండ్లే. బ్యాకప్‌కి ఒక ఆప్షన్, తిరిగి పెట్టడానికి ఒకటి, కొత్త ఫైల్ ఎక్కించడానికి ఒకటి, నీకు అంతకంటే అవసరం రాదు. కమాండ్ ముందు నడిపి, తర్వాత బటన్ నొక్కు. (తర్వాత వచ్చిన యూఎస్‌బీ మోడళ్లలో ఇది తలకిందులు. లినక్స్‌లో బటన్ నొక్కేదాకా అసలు పోర్టే కనిపించదు. నెట్‌లో ఎవరో ‘బటన్ ముందు నొక్కాలి’ అన్నారని నాతో వాదనకి దిగకు.)

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. పామ్‌లో ఉన్నది అసలు, అమిగాలో ఉన్నది నకలు. ఎప్పుడూ అంతే. రెండు వైపులా మార్చుకుంటూ సింక్ చేస్తానని మాత్రం అనకు.

ఎందుకంటే, పామ్‌లో ప్రతి రికార్డుకీ మూడు బైట్ల నంబర్ ఒకటి, దాని పక్కన ఒక బైట్ గుర్తులు ఉంటాయి. ఆ బైట్‌లో నాలుగు బిట్లు కేటగిరీకి పోతాయి, కేటగిరీలు పదహారు మించకపోవడం అందుకే. మిగతా బిట్లలో ఇది మారింది, ఇది తీసేశారు, ఇది రహస్యం అన్న సంగతులు ఉంటాయి. చివరిసారి ఏ కంప్యూటర్‌తో సింక్ అయిందో కూడా పామ్ గుర్తుపెట్టుకుంటుంది. అదే కంప్యూటర్ అయితే మారినవి మాత్రమే చూసుకుంటే చాలు, వేరేదైతే మొత్తం రికార్డులన్నీ ఒక్కొక్కటిగా పోల్చాలి. విండోస్‌లో ఈ లెక్కలన్నీ పామ్ వాళ్ల సాఫ్ట్‌వేరే చూసుకునేది. అమిగాలో నువ్వు వాడే క్యాలెండర్ ప్రోగ్రామ్‌కి ఈ గుర్తుల సంగతే తెలీదు. ఒకే అపాయింట్‌మెంట్‌ని అక్కడోలా ఇక్కడోలా మార్చావనుకో, ఎవరి మాట నెగ్గాలో తేల్చే పెద్దమనిషి మధ్యలో ఉండడు. నకలు మాత్రమే తీసుకుంటే ఆ గొడవే రాదు.

కాబట్టి రాయడమంతా పామ్‌లోనే. బ్యాకప్ తీసిన ప్రతిసారీ అమిగాలో కొత్త ఫోల్డర్, పాతదాని మీద రాయొద్దు. ఫోల్డర్ పేరులో తేదీని నువ్వే టైప్ చెయ్. నీ 1200లో బ్యాటరీ గడియారం విడిగా పెట్టించి ఉంటే తప్ప, ఆన్ చేసినప్పుడల్లా తేదీ కోసం బూట్ డిస్క్ వైపు చూస్తుంది. అలాంటిది పామ్‌కి టైమ్ చెప్పకూడదు. వాడే ప్రోగ్రామ్‌లో గడియారం సరిచేసే ఆప్షన్ ఏదైనా ఉంటే తీసెయ్. అమిగాలో పెద్ద వ్యాసమేదైనా టైప్ చేసి పామ్‌లోకి పంపాలంటే మెమోగా ఎక్కించొచ్చు, కానీ ఒక్కో మెమో 4 కేబీ దాటదు, ముక్కలు చేసుకోవాలి.

సెల్స్ మార్చే ముందు బ్యాకప్ తప్పనిసరి. పామ్ త్రీలో నువ్వు రాసినవన్నీ కరెంటు ఉంటేనే నిలిచే మెమరీలో ఉంటాయి. రెండు ట్రిపుల్ ఏ సెల్స్ బయటికి తీస్తే లోపలి చిన్న కెపాసిటర్ సుమారు ఒక నిమిషం మోస్తుంది, అంతే. కొత్త సెల్స్ కవర్ చించి పక్కన పెట్టుకున్నాకే పాతవి తియ్యి. కెపాసిటర్లంటే గుర్తొచ్చింది, 1200 బోర్డు మీదవి కారి రాగి గీతల్ని తినేస్తాయి. సింక్ కుదరలేదని ఏడ్చే ముందు వాటిని ఒకసారి తెలిసినవాళ్లకి చూపించు.

తీరిక దొరికితే బ్యాకప్‌లో మెమోడీబీ పేరుతో వచ్చిన మెమోల ఫైల్ని హెక్స్ వ్యూయర్లో (బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపించే ప్రోగ్రామ్) తెరిచి చూడు. మొదటి 32 బైట్లు దాని పేరుకి. ఇంకాస్త కిందికి వెళ్తే డేటా, మెమో అని ఇంగ్లిష్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. హెడర్ 78 బైట్లు, అందులో చివరి రెండు బైట్లు రికార్డులెన్నో చెబుతాయి. ఆ కిందెక్కడో నీ మెమోలు మామూలు అక్షరాల్లో, విప్పి చెప్పినట్టు ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా చదువుకోవచ్చు. ఈ ఫైళ్లలో టైమ్ అంకెలు 1904 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కేస్తారు, అమిగా 1978 నుంచి లెక్కేస్తుంది. నువ్వు రాసిన ప్రోగ్రామ్ తేదీని 74 ఏళ్లు అటో ఇటో చూపిస్తే కారణం అదే. అపాయింట్‌మెంట్లు రాసుకునే డేట్‌బుక్‌లో మాత్రం ఏడాదికి ఏడు బిట్లే ఇచ్చారు, 1904 నుంచి లెక్కేస్తే 2031తో అయిపోతాయి. ఆ తర్వాతి అపాయింట్‌మెంట్లకి వేరే ఏర్పాటు చూసుకో.

ఇంకొక్కటి. మెమోని ‘ప్రైవేట్’ అని దాచి పాస్‌వర్డ్ పెడితే పామ్ తెర మీద కనిపించదు గానీ, అది ఆ బైట్‌లో ఒక బిట్ మాత్రమే, తాళం కాదు. బ్యాకప్ ఫైల్లో అవీ మిగతావాటి మధ్యే విప్పారి కనిపిస్తాయి. నీ అమిగా ఎవరి చేతికి అందుతుందో చూసుకుని రాసుకో. నా డిస్కులో అడ్రస్ పుస్తకం, డేట్‌బుక్ ఉంచాను. మెమోడీబీ తీసేశాను. ఎందుకని అడగకు. హెక్స్ వ్యూయర్లో చూడడానికి నువ్వే నాలుగు మెమోలు రాసుకో.

మీ అమ్మ