వార్షిక నివేదిక 2024-25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

కంప్యూటర్‌లో విమానం నడిపే మన ఫ్లైట్ సిమ్యులేటర్ సంఘంలో ఈ ఏడాది నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ యోక్ గురించే, అంటే విమానాన్ని తిప్పే స్టీరింగ్ లాంటి పరికరం గురించే. 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్త వెర్షన్ వచ్చింది. 2020 వెర్షన్‌లో మనం ఓపిగ్గా చేసుకున్న సెట్టింగులు అందులోకి రాలేదు. యోక్, కాళ్లతో తొక్కే పెడల్స్, ఇంజన్ వేగం మార్చే త్రాటిల్ అన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకే పనిని రెండు పరికరాలకు అప్పగించడంతో సిమ్యులేటర్‌లో కొందరి విమానాలు రన్‌వే మీదే పక్కకు లాగేశాయి. యోక్ పోయిందని టెన్షన్ పడినవారిలో చాలామంది పరికరాలు నిక్షేపంగా ఉన్నాయి.

అందుకే తార్నాకలో ఉచిత యోక్ సర్వీసు క్యాంపు పెట్టాం. ఈ సంవత్సరం మన సంఘం చేసిన పనుల్లో అందరం గర్వంగా చెప్పుకోదగ్గది ఇదే.

క్యాంపులో ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ముందు చూడాలి, తర్వాతే ముట్టుకోవాలి. విండోస్‌లో జాయ్.సీపీఎల్ (యోక్ లాంటి పరికరాలను పరీక్షించే కిటికీ) తెరిస్తే చిన్న పెట్టెలో ప్లస్ గుర్తు కనిపిస్తుంది. యోక్ వదిలేసినప్పుడు అది నడిమధ్య నిలబడాలి. పైలట్ శిక్షణకు వెళ్లబోతున్న ఒక కుర్రాడు తెచ్చిన పాత సైటెక్ కంపెనీ యోక్‌లో ఆ గుర్తు నిలవకుండా వణుకుతూ ఉంది. డెడ్ జోన్ (నడుమ యోక్ కొద్దిగా కదిలినా సిమ్యులేటర్ పట్టించుకోని మేర) పెంచుకుని ఇన్నాళ్లు నెట్టుకొచ్చాడట. అది మరమ్మతు కాదు, జబ్బును కప్పిపెట్టడం. ల్యాండింగ్‌లో చిన్న చిన్న సవరణలు చేయాల్సిన చోటే యోక్ పలకకుండా పోతుంది. కింది స్క్రూలు విప్పి, పొటెన్షియోమీటర్ (కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ యోక్ ఎంత తిరిగిందో కొలిచే భాగం) సందులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొద్దిగా కొట్టి, ఇరుసును ఈ చివరినుంచి ఆ చివరికి పదే పదే తిప్పాం. ఆరనిచ్చి మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తే, అంటే యోక్ నడిమధ్య, చివరలు ఎక్కడో కంప్యూటర్‌కు కొత్తగా చూపిస్తే, గుర్తు కదలకుండా కూర్చుంది. ఆ కుర్రాడి ముఖం చూడాల్సింది!

హనీకోంబ్ ఆల్ఫా లాంటి యోక్‌లలో హాల్ సెన్సర్లు ఉంటాయి. అయస్కాంతంతో పనిచేస్తాయి కాబట్టి వాటిలో అరిగే కార్బన్ పట్టీ ఉండదు. అవి తేడాగా ఉంటే క్లీనర్ జోలికి పోకుండా, ముందు అదే జాయ్.సీపీఎల్ సెట్టింగ్స్‌లో 'రీసెట్ టు డీఫాల్ట్' నొక్కి పాత క్యాలిబ్రేషన్ తీసేయండి. ఎగురుతుండగా మధ్యలో యోక్ కనెక్షన్ పోతుంటే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ టిక్ తీసేయాలి. సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడితే ఇంకా మంచిది. ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే అదనపు సాఫ్ట్‌వేర్‌తో యోక్‌ను కలుపుకున్నవారు అదే యాక్సిస్‌ను (కదలికను) సిమ్యులేటర్‌లో తప్పక తీసేయాలి. రెండు చోట్లా ఉంటే ఎంత క్యాలిబ్రేట్ చేసినా అంతే సంగతులు.

క్లీనర్ డబ్బాలు తక్కువ ధరకు ఇచ్చిన కోఠి గుజరాతీ గల్లీ దుకాణదారులకు, ఇంటినుంచి మానిటర్లు మోసుకొచ్చిన ఉప్పల్, నాచారం సభ్యులకు, టిఫిన్లు చూసుకున్న ఉపాధ్యక్షుల కుటుంబానికి, రాత్రి దాకా కూర్చుని స్క్రూలు బిగించిన ఇంజనీరింగ్ విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ పిల్లలు లేకపోతే క్యాంపే లేదు.

ఒక మాట చెప్పక తప్పదు. వాట్సాప్‌లో వస్తామని పేరిచ్చినవారిలో చాలామంది ఆ రోజు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. వచ్చిన కొద్దిమందే భోజనం కూడా మానుకుని పనిచేశారు. హాలు అనుమతి కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా 'రేపు రండి' అనే జవాబే వచ్చింది. ముందురోజు సాయంత్రం దాకా సంతకం పడలేదు. పిల్లలకు విమానయానం మీద ఆసక్తి కలిగించే పనికి ఇంత అడ్డం పడటం బాధాకరం.

బేగంపేట విమానాశ్రయం దగ్గర సభ్యుల కలయిక, కొత్తవారికి ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ పరిచయ తరగతులు అనుకున్నట్టే జరిగాయి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జతపరిచారు. చందాలే ఆదాయం, క్యాంపే ప్రధాన ఖర్చు. చందా బకాయి ఉన్నవారు ఈ రోజే కట్టేయగలరు.

సంఘం మల్టీమీటర్, చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఎవరి దగ్గరో ఉండిపోయాయి. వెంటనే తిరిగి ఇవ్వాలి. వచ్చే క్యాంపుకు వాలంటీర్ల జాబితా ఈ సభలోనే, సంతకాలతో తయారు చేద్దామని ప్రతిపాదిస్తూ, నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి