బీల్ స్ట్రీట్‌కు పగటిపూట వెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో అమెరికాలోని మెంఫిస్ నగరం గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇంటికి ఒక పేజీ కేటాయించి, నల్లజాతివారి బ్లూస్ సంగీతానికి పేరుపడ్డ వీధి బీల్ స్ట్రీట్‌ను నాలుగు వాక్యాల్లో ముగించారు. రాత్రి తొమ్మిది దాటాక వెళ్లాలి, గంటసేపు చాలు, తాగే అలవాటు లేనివారికీ పెద్దవయసు వారికీ అక్కడ చూడదగ్గది లేదు అన్నది వాటి సారాంశం. నాకు 68 ఏళ్లు. మద్యం ముట్టను. మా అమ్మాయి దగ్గర మెంఫిస్‌లో ఉన్న నాలుగు నెలల్లో ఆ వీధికి 11 సార్లు వెళ్లాను. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మీ వ్యాసం చదివి ఆ వీధిని వదిలేసుకుంటారేమోనన్న బాధతో ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. ముప్పై ఏళ్లకు పైగా పద్యనాటకాలకు హార్మోనియం వాయించాను. ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

మొదటిసారి అమ్మాయి, అల్లుడు నన్ను రాత్రే తీసుకెళ్లారు. సెకండ్ స్ట్రీట్ నుంచి ఫోర్త్ స్ట్రీట్ దాకా వాహనాలు రాకుండా ఆపేస్తారు. నడిరోడ్డు మీద కుర్రవాళ్లు పిల్లిమొగ్గలు వేస్తూ వీధి పొడవునా దొర్లుకుంటూ పోయారు. అది బాగుంది. కానీ ప్రతి గుమ్మంలోంచీ ఒక బ్యాండు హోరు వచ్చి పక్కదానితో కలిసిపోయింది. ఏ పాటా చెవికి దక్కలేదు. మీ వ్యాసకర్త చూసింది ఆ ఒక్క రాత్రే అయి ఉంటుంది.

రెండోసారి ఒక మంగళవారం ఉదయం అమ్మాయి ఆఫీసుకు వెళ్తూ నన్ను తూర్పు చివర దింపింది. వీధి అప్పుడే కడిగినట్టుంది. అక్కడి నుంచి పడమరగా మెయిన్ స్ట్రీట్ దాకా నడక అర మైలుకు మించదు. వెళ్లేవారు ఆ తూర్పు చివరనే మొదలుపెట్టాలి. ఎందుకంటే బార్ల వరస మొదలుకాక ముందే, ఫోర్త్ స్ట్రీట్‌కు అవతల, ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి ఉంది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు తమ కోసం తాము కట్టుకున్న గుడి అది. మీదీ పత్రికే కాబట్టి మీకు ముఖ్యంగా చెప్పాలి: ‘ఫ్రీ స్పీచ్’ అనే పత్రిక కొంతకాలం ఆ చర్చి నుంచే వెలువడింది. దాని సంపాదకురాలు ఐడా బి. వెల్స్.

ఆమె 1862లో మిసిసిపీ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. మెంఫిస్‌లో బడిపంతులుగా పనిచేస్తూ పత్రికారచనలోకి వచ్చారు. 1892 మార్చిలో ఆమె మిత్రుడు థామస్ మాస్‌నూ, ఆయనతో పాటు కిరాణా దుకాణానికి చెందిన మరో ఇద్దరినీ ఒక గుంపు జైలులోంచి లాక్కెళ్లి కాల్చి చంపింది. ఆ నల్లవారి దుకాణం ఎదుటి తెల్లవాడి దుకాణానికి పోటీగా నిలవడం దగ్గర మొదలైంది ఆ పగ. మన ప్రాణానికీ ఆస్తికీ రక్షణ లేని ఈ ఊరిని వదిలి పోదామని ఆమె పత్రికలో రాశారు. ఎందరో ఊరు విడిచి వెళ్లిపోయారు. ఇలాంటి హత్యలకు చెబుతున్న సాకులు అబద్ధాలని మే నెలలో రాసినప్పుడు, ఆమె ఊళ్లో లేని సమయం చూసి పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. తిరిగి వస్తే చంపుతామన్నారు. ఆమె న్యూయార్క్ నుంచి, ఆ తర్వాత షికాగో నుంచి రాస్తూనే ఉన్నారు. 1931లో మరణించారు. 2020లో పులిట్జర్ బహుమతి సంఘం ఆమెను ప్రత్యేకంగా గౌరవించింది. 2021లో బీల్ స్ట్రీట్, ఫోర్త్ స్ట్రీట్ కలిసే మూలన ఆమె కంచు విగ్రహం పెట్టారు.

ఆ విగ్రహం ముందు నేను అరగంట నిలబడ్డాను. వీధి మీద వచ్చిన వ్యాసంలో, అదీ ఒక పత్రికలో, ఈ పేరు లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

చర్చి పక్కనే చర్చ్ పార్క్. ఇక్కడ చర్చ్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. రాబర్ట్ చర్చ్ కూడా బానిసగా పుట్టినవాడే. 1878లో ఎల్లో ఫీవర్ వచ్చి మెంఫిస్‌లో అయిదు వేల మందికి పైగా చనిపోయారు, వేలమంది పారిపోయారు, మరుసటి ఏడాది ఊరికి నగర హోదా కూడా పోయింది. అందరూ స్థలాలు వదిలించుకుంటున్నప్పుడు ఆయన కొన్నాడు. తనవాళ్లకు ఊళ్లో కాలు పెట్టనిచ్చే పార్కు ఒక్కటీ లేదని 1899లో బీల్ స్ట్రీట్ మీద స్థలం తీసుకుని తోట వేయించాడు, రెండు వేలమంది పట్టే సభాభవనం కట్టించాడు. ఆ భవనం ఇప్పుడు లేదు. పచ్చిక, చెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కాసేపు ఆగవలసిన చోటు.

ఫోర్త్ స్ట్రీట్ దాటితే ఎర్నెస్ట్ విదర్స్ తీసిన ఫొటోల మ్యూజియం వస్తుంది. 1968 ఫిబ్రవరిలో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దాని మీద 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్లు ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని బారుగా నిలబడిన ఫొటో విదర్స్ తీసిందే. మార్చి 28న మార్టిన్ లూథర్ కింగ్ ముందు నడిచిన ఊరేగింపు ఈ బీల్ స్ట్రీట్ మీదుగానే సాగి, అద్దాలు పగిలి, లాఠీల మధ్య చెదిరిపోయింది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 4న, ఇదే ఊళ్లో ఆయనను కాల్చి చంపారు. ఆ ఫొటో చూసి బయటికొచ్చి అదే రోడ్డు మీద నిలబడితే కాళ్ల కింద నేల వేరుగా తోస్తుంది.

ఇంకొక గోడ చూపించాలి. ఇటుకలతో కట్టిన మూడంతస్తుల అందమైన ముఖభాగం, వెనక ఇల్లు లేదు. ఇనుప దూలాల ఆసరాతో గోడను మాత్రం నిలబెట్టారు. 1966లో ఈ వీధిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏళ్లలోనే పునర్నిర్మాణం పేరిట చుట్టూ ఉన్న ఇళ్లూ దుకాణాలూ వందల సంఖ్యలో కూలగొట్టారు. వీధికి వచ్చే మనుషులు ఉండేది ఆ ఇళ్లలోనే. 1983లో మళ్లీ తెరిచేదాకా వీధి దాదాపు పాడుబడింది. కాబట్టి ఇప్పటి రంగు దీపాలను చూసి పాత వీధి ఇలాగే ఉండేదనుకోకూడదు. ఆ ఉత్త గోడే నాకు ఎక్కువ నిజం చెప్పినట్టనిపించింది.

ఇక హ్యాండీ పార్క్. డబ్ల్యు.సి. హ్యాండీ విగ్రహం అక్కడే ఉంది. పల్లెల్లో కూలీలు పాడుకునే బ్లూస్‌ను స్వరలిపిలో రాసి 1912లో అచ్చువేసినవాడు ఆయన. ఆయన కుటుంబం ఉన్న చిన్న చెక్క ఇంటిని వేరేచోటి నుంచి తెచ్చి ఈ వీధిలో మ్యూజియంగా పెట్టారు. పార్కులో సాయంత్రాలు ఆరుబయట బ్యాండ్లు వాయిస్తాయి, టికెట్ లేదు. ముందు ఒక బకెట్ పెడతారు, మన ఇష్టం.

ఒక శుక్రవారం సాయంత్రం అక్కడ నా ఈడువాడే ఒకాయన మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నాడు. వెనక గిటారు, డ్రమ్స్. పది నిమిషాలు వినేసరికి కట్టడం పట్టుబడింది. షడ్జమం (స) మీద కూర్చుంటారు, మధ్యమానికి (మ) వెళ్లి వస్తారు, పంచమం (ప) ఎక్కి దిగుతారు, పన్నెండు ఆవృత్తాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. పాడేవాడు మొదటి చరణాన్ని రెండుసార్లు అంటాడు. ఆ రెండోసారిలో అవే మాటలు, బరువు వేరు. వన్స్‌మోర్ పడ్డాక పద్యం ఎత్తుకునే నటుడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ మింగేస్తాడో కనిపెట్టుకుని వాయించిన నాకు అది పరాయి సంగీతమనిపించలేదు.

కానీ నన్ను కట్టిపడేసింది గాంధారం, అంటే ‘గ’ స్వరం. కింది రకమైన సాధారణ గాంధారం కాదు, పై రకమైన అంతర గాంధారం కాదు, రెంటికీ నడుమ ఎక్కడో వణుకుతూ ఆగే స్వరం. హార్మోనియం మీద అది రెండు మెట్ల మధ్య పడుతుంది, ఎంత తిత్తి కొట్టినా పలకదు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి జార్చే వంపులు, పలకవన్న కారణంతోనే మా వాద్యాన్ని 1940 నుంచి ఆకాశవాణిలో నిషేధించి దశాబ్దాల పాటు దూరం పెట్టారు. మౌత్ ఆర్గాన్‌లోనూ ఉన్నవి గాలికి కంపించి పలికే రీడ్లే, హార్మోనియం జాతిదే. మరి ఆయన ఆ స్వరాన్ని ఎలా పలికించాడు? విరామంలో అమ్మాయి చేత అడిగించాను. ఆయన నవ్వి, వాద్యాన్ని పెదవుల దగ్గర పెట్టుకుని, గాలి లోపలికి లాగుతూ నాలుకను వెనక్కి దించి, స్వరం మెల్లగా కిందికి జారడాన్ని మూడుసార్లు చూపించాడు. నా వేళ్లు గాలిలోనే మెట్ల కోసం కదిలాయి. ముప్పై ఏళ్లుగా నా వాద్యంలో లేదనుకున్నది దాని చిన్న తమ్ముడిలో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. 1876లో మొదలైన ఎ. శ్వాబ్ దుకాణంలో మనవలకు మిఠాయిలు, ఆటబొమ్మలు దొరుకుతాయి. కాలిబాటలో పొదిగిన ఇత్తడి స్వరచిహ్నాల మీద సంగీతకారుల పేర్లు చదువుకుంటూ నడవవచ్చు. మెయిన్ స్ట్రీట్ మూలన 1928 నాటి ఆర్ఫియం థియేటర్‌లో మూకీ సినిమాల కాలపు వుర్లిట్జర్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాద్యం, ఉంది. అది వాయించే రోజు తెలిస్తే ఆ రోజే వెళ్లండి. చిన్నపిల్లలుంటే కొద్ది దూరంలోని పీబాడీ హోటల్‌లో ఉదయం 11కూ సాయంత్రం 5కూ బాతులు ఎర్ర తివాచీ మీద నడిచిపోవడం చూపించండి, డబ్బు తీసుకోరు. వీధి చివరికి పోతే మిసిసిపీ నది. పొద్దు వాలే వేళకు అక్కడికి చేరేలా చూసుకోండి.

ఆ వ్యాసాన్ని మీ వెబ్‌సైటులో ఇంకా ఉంచుతున్నారు కాబట్టి, ‘పెద్దవారికి చూడదగ్గది లేదు’ అన్న వాక్యాన్ని తీసేసి ఐడా వెల్స్ పేరు చేర్చవలసిందిగా కోరుతున్నాను. మా వియ్యంకుడు వచ్చే నెల మెంఫిస్ వెళ్తున్నారు. మీ వ్యాసం ఆయనా చదివారు. మంగళవారం ఉదయం చర్చి దగ్గర దింపమని, శుక్రవారం సాయంత్రం పార్కుకు తీసుకెళ్లమని అమ్మాయికి ఫోనులో చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హార్మోనిస్టు,
తెనాలి