నాకంటే ముందు నా డిప్రెషన్‌ను గుర్తుపట్టినవాళ్లకు

గడిచిన కొన్ని నెలలుగా నన్ను కనిపెట్టుకుని ఉన్నవాళ్లందరికీ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని వాళ్లే అన్నారు. కాబట్టి ఎవరు ఏం చేశారో మాత్రం చెబుతాను. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకీ, వాళ్ల పక్కన ఉండి ఏం చేయాలో తోచనివాళ్లకీ అదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మొట్టమొదట మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే మేడమ్‌కు. నేనేమీ ఏడుస్తూ కూర్చోలేదు. పని చేస్తున్నాను, నవ్వాల్సిన చోట నవ్వుతున్నాను. ఆవిడ కనిపెట్టినవి వేరు. రెండు లైన్ల మెయిల్‌కు జవాబు రాయలేక దాన్ని పదేపదే తెరిచి మూసేస్తున్నానట. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నానట. ఎప్పుడూ ఉత్సాహంగా మాట్లాడే విషయాల ఊసే ఎత్తడం లేదట. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక "ఈమధ్య నిద్ర సరిగ్గా పడుతోందా?" అని అడిగారు. ఎందుకలా ఉన్నావని అడిగి ఉంటే "ఏం లేదండీ" అనేసేదాన్ని. నిద్ర గురించి అడిగేసరికి నిజం చెప్పడం తేలికైంది. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేస్తోందని, గుండె దడదడలాడుతోందని, ఆ తర్వాత కన్ను మూతపడటం లేదని చెప్పేశాను. "అంతా సర్దుకుంటుందిలే" అనలేదు ఆవిడ. "డాక్టర్‌కు చూపించుకుందాం, నేనూ వస్తాను" అన్నారు. వచ్చారు కూడా.

రెండో దండం డాక్టర్‌గారికి. ఛాతీ పట్టేసినట్టుండటం, వేళ్లు తిమ్మిరెక్కడం చెప్పగానే "అదంతా టెన్షన్ అమ్మా" అని పంపించేయలేదు. ఈసీజీ తీయించారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూశారు. థైరాయిడ్ తగ్గితే డిప్రెషన్‌లాగా, పెరిగితే ఆందోళనలాగా కనిపించవచ్చట. అవన్నీ మామూలుగా ఉన్నాయని తేలాక చేతికి ఒక కాగితం ఇచ్చారు. డిప్రెషన్ ఉందేమో, ఎంత ఉందో అంచనా వేసే ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు: పనుల మీద ఆసక్తి తగ్గిందా, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, నేనెందుకూ పనికిరాననే భావన... ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూడాలి. ఆ కాగితమే రోగ నిర్ధారణ కాదని, మాట్లాడటానికి అది మొదలు మాత్రమేనని ఆయన స్పష్టంగా చెప్పారు.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని ఆయన నోటితో అడిగారు, నా ముఖంలోకి చూస్తూ, గొంతు మార్చకుండా. చచ్చిపోవాలని లేదు గానీ పొద్దున్న లేవకపోతే బాగుండుననిపిస్తోందని చెప్పాను. ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆయన కంగారు పడలేదు, తిట్టలేదు. ఎలా చేయాలని ఏమైనా అనుకున్నావా, ఇంట్లో తోడెవరున్నారు, ఎవరికి కబురు చేయమంటావు అని ఒక్కొక్కటే అడిగారు. ఇలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది జంకుతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆ గదిలో నాకు జరిగింది అదే.

మందుల గురించి ముందే విడమరచి చెప్పినందుకు కూడా ఆయనకు థాంక్స్. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కడుపులో వికారంగా, కాస్త అలజడిగా ఉండొచ్చని, బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదని చెప్పకపోయి ఉంటే మొదటివారంలోనే పక్కన పడేసేదాన్ని.

సైకాలజిస్టుగారి దగ్గర నేర్చుకున్నవాటిలో రెండే చెబుతాను. ఒకటి, ఆ తిమ్మిర్ల సంగతి. భయంలో మనకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, వేళ్లు జివ్వుమంటాయి, తల తేలిపోతుంది. అది చూసి ఇంకా భయపడతాం. ఆవిడ నా ఎదురుగా కూర్చుని ఊపిరి లోపలికి తీసుకున్న దానికన్నా నిదానంగా బయటికి వదలడం చేసి చూపించారు. ఆ భయం అలలాగా కొన్ని నిమిషాల్లో పైకి లేచి దానంతటదే దిగుతుందని అప్పుడు నా ఒంటితో తెలుసుకున్నాను.

రెండోది, మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని ఆగకుండా, ముందు చిన్న పని చేయడం. నా నోటుబుక్కులో మొదటి పేజీలో "స్నానం", "కిటికీ తెరవడం" అని ఉంటుంది. పక్కన, చేయకముందు మనసు ఎలా ఉంది, చేశాక ఎలా ఉంది అని అంకెలు. 2 ఉన్నది 3 అయితే చాలు, దాన్ని తక్కువ చేసి చూడొద్దనేవారు.

ఇక మా అక్క. "నీకేం తక్కువ?" అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. అది అసలే కుంగిపోయిన మనిషి మీద తప్పు చేసిన భావన కూడా మోపుతుంది, దయచేసి ఎవరినీ అనకండి. అక్క ఆ మాట ఒక్కసారీ అనలేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "చెప్పులేసుకో" అనేది. తను వాళ్ల వీధిలో, నేను మా వీధిలో, ఫోన్ చెవికి పెట్టుకుని నడిచేవాళ్లం. మాట్లాడాలనిపిస్తే మాట్లాడేదాన్ని. లేదంటే ఇద్దరి అడుగుల చప్పుడే. నేను ఎత్తకపోతే అలిగేది కాదు, మర్నాడు అదే వేళకు మళ్లీ చేసేది. అక్కా, నీ ఋణం తీర్చుకోలేను.

పని భారం తగ్గించి, కారణం నలుగురికీ చెప్పకుండా గుట్టుగా ఉంచిన మా మేనేజర్‌గారికి కూడా మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

మందు ఇంకా వాడుతున్నాను. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమన్నారు. కొన్ని ఉదయాలు ఇప్పటికీ బరువుగానే ఉంటాయి, కానీ ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది, మెయిల్‌కు జవాబు రాయగలుగుతున్నాను.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా రెండు వారాలకు పైగా దేని మీదా మనసు నిలవకపోతే డాక్టర్‌ను కలవండి. చావు ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా ఉండొద్దు, ఈరోజే, ఇప్పుడే ఎవరికో ఒకరికి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి తోడు కావాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, రాగలిగినంత దూరమైతే నేనే వస్తాను, లేదంటే మీ వంతు వచ్చేదాకా ఫోన్‌లో ఉంటాను.